పాత 800కి బ్రేక్ పెడల్ మెత్తగా దిగిపోతోంది, రెండుసార్లు గాలి తీసినా తగ్గలేదు

గోదావరి గట్టు (రాజమండ్రి), శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది 2004 మారుతి 800, ఏసీ మోడల్. నాన్నగారు కొన్న బండి, 91 వేల కిలోమీటర్లు తిరిగింది. 15 ఏళ్లు నిండాక ఆర్‌సీ రెన్యువల్ చేయించుకుంటూ ఇంటి అవసరాలకి వాడుతున్నాం. అమ్మేసే ఉద్దేశం లేదు, ముందే చెబుతున్నాను.

రెండు నెలల క్రితం ముందు ప్యాడ్లు, వెనక షూలు అరిగిపోయాయంటే మార్పించి, పనిలో పనిగా బ్రేక్ ఆయిల్ కూడా మార్పించాను. పాత ఆయిల్ కాఫీ డికాషన్‌లా ఉంది, ఎన్నేళ్లుగా మార్చలేదో మాకే తెలీదు. అప్పటిదాకా పెడల్ బాగానే ఉండేది. పని అయి ఇంటికి తెచ్చుకున్న దగ్గర్నుంచి మెత్తగా తగులుతోంది. తీసుకెళ్తే బ్రేక్ ఆయిల్ పైపుల్లో గాలి ఉండిపోయిందని మళ్లీ తీశారు. వారం బాగున్నట్టనిపించి మళ్లీ అంతే. ఇంకోసారి తీశారు. ఇప్పుడు "పాత బండి కదా సార్, ఇలాగే ఉంటుంది, లేదంటే బూస్టర్ మార్చాలి" అంటున్నారు (బూస్టర్ అంటే పెడల్ నొక్కేటప్పుడు కాలికి సాయం చేసే భాగం).

మొన్న కొవ్వూరు వైపు నుంచి వస్తుంటే వంతెన దగ్గర బళ్లన్నీ ఆగిపోయాయి. పల్లంలో బ్రేక్ మీద కాలు పెట్టి నిలబడ్డాను. అర నిమిషం గడిచేసరికి కాలు బురదలో దిగినట్టు పెడల్ కిందికి జారుతోంది, బండి మెల్లగా ముందు లారీ వైపు కదిలింది. హ్యాండ్ బ్రేక్ లాగాను కాబట్టి సరిపోయింది. వెనక సీట్లో అమ్మ, మా పాప ఉన్నారు. ఆ రోజు నుంచి బండి తీయలేదు. ఎక్కడ మొదలుపెట్టి చూడాలో తెలిసినవాళ్లు చెప్పండి.


విశాఖ తీరం, శనివారం రాత్రి 10:05

అన్నా, నూటికి తొంభై గాలే. నాలుగు చక్రాలకీ ఇంకోసారి శుభ్రంగా తీయించండి. మా జెన్‌కి మూడోసారి తీస్తేనే గట్టిపడింది.


పాతబండి (విజయవాడ), శనివారం రాత్రి 11:20

నేను 30 ఏళ్లకి పైగా బ్రేకుల పని చేసి ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంటున్నాను. తమ్ముడూ, బండి తీయకుండా ఆపావు చూడు, అది మంచి పని. తేలేదాకా అలాగే ఉంచు. షెడ్డుకి తీసుకెళ్లాలంటే కూడా ట్రాలీ మీద తీసుకెళ్లు.

ముందు ఒక్క మాట. "మెత్తగా ఉంది" అని అందరూ ఒకే మాట అంటారు కానీ దాని వెనక మూడు నాలుగు వేర్వేరు జబ్బులుంటాయి. మందు దేనికదే.

ఒకటి స్పాంజిలా ఉండటం. కాలు నొక్కితే దిగి, వదిలితే కాలిని పైకి తోస్తుంది, నొక్కిన కొద్దీ సాగుతున్నట్టుంటుంది. ఇది గాలి. ఆయిల్‌ని ఎంత నొక్కినా దాదాపు కుంచించుకోదు, గాలి కుంచించుకుంటుంది, అందుకే కాలికి స్ప్రింగులా తెలుస్తుంది. ఏళ్లు గడిచి ఉబ్బే రబ్బరు హోస్‌లకీ ఇదే లక్షణం.

రెండోది పెడల్ కిందిదాకా పోయి, టపటపా రెండు మూడుసార్లు కొడితే పైకి వచ్చి గట్టిగా నిలబడటం. గాలి ఉన్నా కొంత ఇలాగే ఉంటుంది కానీ, పైకొచ్చాక రాయిలా గట్టిగా ఉందంటే వెనక షూలు అవి రాసుకునే డ్రమ్‌కి దూరంగా ఉన్నాయని. ఆ సందు పూడ్చడానికే మొదటి నొక్కు అంతా అయిపోతుంది.

మూడోది నువ్వు రాసింది. కాలు అలాగే పెట్టి ఉంచితే మెల్లగా జారిపోవడం. గాలికి ఆ లక్షణం ఉండదు. గాలి ఎంత కుంచించుకోవాలో అంతా నొక్కగానే కుంచించుకుని ఆగిపోతుంది, అర నిమిషం పాటు జారుతూ ఉండదు. జారుతోందంటే ఆయిల్ ఎటో దారి చేసుకుని పోతోంది. బయటికి కారాలి, లేదా పెడల్ నొక్కితే ఆయిల్‌ని చక్రాల వైపు తోసే మాస్టర్ సిలిండర్ లోపలే బకెట్ దాటి వెనక్కి పోవాలి. (బకెట్ అంటే పిస్టన్ మీద ఉండే గిన్నె ఆకారం రబ్బరు. షెడ్లలో అందరూ అలాగే అంటారు.)

రేపు పొద్దున బండి నిలబెట్టి ఇవి చూసి చెప్పు. ముందే చక్రాలకి అడ్డు రాళ్లు పెట్టు.

ఇంజిన్ ఆపి పెడల్‌ని అయిదారుసార్లు నొక్కు, బూస్టర్‌లో వ్యాక్యూమ్ అయిపోతుంది. కాలు దానిమీదే ఉంచి స్టార్ట్ చెయ్యి. కొంచెం కిందికి దిగి ఆగిందంటే బూస్టర్ పనిచేస్తోందని. ఆ కాస్త దిగడం చూసి భయపడకు, అది దిగాలి.

తర్వాత ఇంజిన్ నడుస్తుండగా రెండు రకాలుగా నొక్కి చూడు. ఒకసారి మామూలుగా సిగ్నల్ దగ్గర ఆగినట్టు తేలిగ్గా నొక్కి ఒక నిమిషం పట్టుకో. ఇంకోసారి గట్టిగా తొక్కి పట్టుకో. రెండింటికీ తేడా ఉంటే రాయి.

మాస్టర్ సిలిండర్ మీదుండే బ్రేక్ ఆయిల్ డబ్బాకి ఆయిల్ మట్టం దగ్గర టేపు ముక్క అంటించు. నాలుగు చక్రాల లోపలి వైపు, మాస్టర్ సిలిండర్ బూస్టర్‌కి ఆనుకునే చోట కింద వేలితో తడిమి చూడు. అక్కడ తడి ఉన్నా, పెయింట్ ఊడి ఉన్నా చెప్పు. బ్రేక్ ఆయిల్ పెయింట్‌ని తినేస్తుంది కాబట్టి దాని ఆనవాలు దాగదు.


హైవే 65 (సూర్యాపేట), ఆదివారం ఉదయం 7:15

బూస్టర్ అనుకుంటా సార్. మా మామయ్య గారి అంబాసిడర్‌కి బూస్టర్ పోతే బ్రేకే పడలేదు.


పాతబండి, ఆదివారం ఉదయం 7:50

ఆయనకి బ్రేక్ పడకపోవడం నిజమే అయ్యుంటుంది బాబూ, కానీ అప్పుడు పెడల్ ఎలా ఉందో అడుగు. బూస్టర్ పోతే పెడల్ మెత్తబడదు, గట్టిపడుతుంది. కాలికి సాయం పోతుంది కాబట్టి రాయిని తొక్కినట్టుంటుంది, బలమంతా పెట్టినా బండి సరిగ్గా ఆగదు. మెత్తటి పెడల్‌కి బూస్టర్ మార్చమని చెప్పారంటే జబ్బు చూడకుండా చెప్పినట్టే. డబ్బు పోతుంది, జబ్బు పోదు. బూస్టర్‌కీ దీనికీ సంబంధం ఉండేది ఒక్క సందర్భంలోనే. మాస్టర్ సిలిండర్ వెనక సీలు కారి ఆయిల్ బూస్టర్ లోపలికి పోతుంటుంది, బయట ఎక్కడా తడి కనపడదు, డబ్బాలో మాత్రం తగ్గుతూ ఉంటుంది. అందుకే టేపు అంటించమన్నాను.


ఓరుగల్లు, ఆదివారం ఉదయం 9:30

పెద్దాయన చెప్పింది చూస్తూనే ఇంకొకటి కూడా చూడండి. డబ్బా మూత లోపల ఉండే రబ్బరు ఎలా ఉంది? ఉబ్బి, అలలు అలలుగా, పెద్దదైపోయినట్టు ఉందా?

ఎందుకు అడుగుతున్నానంటే నాకు జరిగింది. మూడేళ్ల క్రితం ఒకచోట సర్వీసుకి ఇస్తే బ్రేక్ ఆయిల్ బదులు పవర్ స్టీరింగ్ ఆయిల్ పోసేశారు. రెండు వారాల్లో ముందు చక్రాలు పట్టేసి వేడెక్కాయి, తర్వాత పెడల్ ఎప్పుడు పైన ఉంటుందో ఎప్పుడు కిందికి పోతుందో తెలియకుండా అయింది. బ్రేక్ లైనులో ఉండే రబ్బరు బ్రేక్ ఆయిల్‌కే తట్టుకుంటుంది. ఇంజిన్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్ తగిలితే ఉబ్బిపోతుంది. ఒక గ్లాసులో నీళ్లు పోసి డబ్బాలోంచి నాలుగు చుక్కలు వేయండి. బ్రేక్ ఆయిల్ అయితే నీళ్లలో కలిసిపోతుంది. పైన తేలిందంటే ఇంకేదో పోశారని. నాకు పైన జిడ్డు తేలింది. మాస్టర్ సిలిండర్, హోస్‌లు, వెనక షూలని తోసే వీల్ సిలిండర్లు, ముందు ప్యాడ్లని నొక్కే కాలిపర్ల సీళ్లు, రబ్బరు ఉన్న ప్రతిదీ మార్చాల్సి వచ్చింది. ఆయిల్ పోసేటప్పుడు ఆ ఆయిల్ సీసా మీద డాట్ 3 అనో డాట్ 4 అనో (బ్రేక్ ఆయిల్ రకాలు) రాసి ఉందో లేదో పక్కన నిలబడి చూసుకోండి, మొహమాటపడకండి.


గోదావరి గట్టు, ఆదివారం ఉదయం 11:45

అన్నీ చూశాను. నాకు అర్థమైనట్టు రాస్తున్నాను.

బూస్టర్ టెస్ట్: స్టార్ట్ చేయగానే పెడల్ ఒక వేలు మందం దిగి ఆగింది.

తేలిగ్గా నొక్కి పట్టుకుంటే: మా అబ్బాయి ఫోన్‌లో టైమర్ పెట్టాడు. 25 సెకన్లలో మ్యాట్ దాకా పోయింది. నేను కాలు బలం పెంచలేదు.

గట్టిగా తొక్కితే: నిలబడింది! నిమిషం దాటినా కదల్లేదు. ఇది నాకు అర్థం కాలేదు. గట్టిగా తొక్కితే ఇంకా తొందరగా పోవాలి కదా?

టపటపా కొడితే కొంచెం పైకి వస్తోంది, కాసేపాగితే మళ్లీ మామూలే.

మూత రబ్బరు మామూలుగానే ఉంది. నీళ్లలో చుక్కలు కలిసిపోయాయి. చక్రాల లోపల ఎక్కడా తడి లేదు. మాస్టర్ సిలిండర్ కింద టిష్యూ పేపరు పెట్టి తుడిస్తే దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఆయిల్ మట్టానికి రెండో రిపేరు రోజున నేనే పెన్నుతో గీత పెట్టాను, మూడు వారాలైంది, దారమంత కూడా తగ్గలేదు.


పాతబండి, ఆదివారం మధ్యాహ్నం 12:30

మాస్టర్ సిలిండరే తమ్ముడూ. ఇక వెతకక్కర్లేదు. ఆయిల్ తగ్గట్లేదు, అయినా పెడల్ జారుతోంది. అంటే ఆయిల్ బకెట్ అంచు దాటి మళ్లీ డబ్బాలోకే పోతోంది.

నీ ప్రశ్న మంచిది. బకెట్ అంచు బయటికి విచ్చుకుని ఉంటుంది. ముందున్న ఆయిల్ ఒత్తిడి ఎంత ఎక్కువైతే ఆ అంచు సిలిండర్ గోడకి అంత గట్టిగా అతుక్కుంటుంది. గట్టిగా తొక్కినప్పుడు అరిగిన అంచు కూడా గోడకి అదిమి పట్టుకుంటుంది. తేలిగ్గా నొక్కినప్పుడు ఆ బలం లేక సందులోంచి ఆయిల్ జారుతుంది. అందుకే షెడ్డులో మెకానిక్ ఒక్కసారి గట్టిగా తొక్కి "బాగానే ఉంది సార్" అని ఇచ్చేస్తాడు, ట్రాఫిక్‌లో కాలు తేలిగ్గా పెట్టి నిలబడ్డ ఓనరుకి మాత్రం జారుతుంది. మోసమేమీ కాదు, ఇద్దరూ చూసింది నిజమే. తేలిగ్గా నొక్కి ఆగి చూసే ఓపిక కావాలి.

టపటపా కొడితే పైకి వస్తోందన్నావు, దాన్ని మర్చిపోకు. వెనక షూల సర్దుబాటు కూడా చూడాలి. రెండు జబ్బులు కలిసి ఉండొచ్చు.


మిషిగన్ తెలుగోడు (డెట్రాయిట్ దగ్గర), ఆదివారం సాయంత్రం 6:10

ఇక్కడ నాది 2002 క్యామ్రీ. గట్టు గారూ, మీకు తడి లేదు కాబట్టి ఇది మీకు వర్తించదు, కానీ తర్వాత ఎవరైనా ఇదే వెతుక్కుంటూ వస్తే పనికొస్తుందని రాస్తున్నాను. ఇక్కడ చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు కింద ఉండే బ్రేక్ పైపుల్ని తినేస్తుంది. నాకూ పెడల్ జారితే నేనూ మాస్టర్ సిలిండరే అనుకున్నాను. పెట్రోల్ ట్యాంకు పైన, కంటికి కనపడని చోట పైపు తుప్పు పట్టి సూది బెజ్జం పడింది, ఆయిల్ అక్కడ చెమర్చి దుమ్ములో ఇంకిపోతోంది. ఆయిల్ మట్టం మాత్రం వారానికి కొంచెం తగ్గుతూ వచ్చింది, నేనే చూసుకోలేదు. సముద్రం ఒడ్డున ఉండేవాళ్లు కూడా ఈ పైపులు చూసుకోవాలి. కోసి మధ్యలో నట్టు బిగించే అతుకులు బ్రేక్ పైపుకి వేయించుకోకండి, ముక్క మొత్తం మార్చి అంచు డబుల్ ఫ్లేర్ చేసినదే (కొసని విచ్చి రెండు మడతలుగా వంచినదే) వేయించండి.

ఇంకో మాట, ఏబీఎస్ ఉన్న బళ్లకి ఆ యూనిట్‌లో గాలి ఇరుక్కుంటే మామూలుగా ఎంత తీసినా రాకపోవచ్చు, స్కానర్ పెట్టి పంపు తిప్పాల్సి వస్తుంది. 800కి ఆ గొడవ లేదు.


గోదావరి గట్టు, ఆదివారం రాత్రి 8:00

అందరికీ చాలా థాంక్స్. ఒక్కటే సందేహం. రెండు నెలల క్రితం దాకా ఈ మాస్టర్ సిలిండర్ బాగానే ఉంది కదా. ఆయిల్ మార్చగానే ఎందుకు పోయింది? కొత్త ఆయిల్ పడలేదా?


పాతబండి, ఆదివారం రాత్రి 9:15

ఇది ప్రతి పాత బండి ఓనరూ తెలుసుకోవాలి, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను.

మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ రోజూ తిరిగే దూరం చాలా తక్కువ. మొత్తం పొడవులో మొదటి భాగంలోనే ముందుకీ వెనక్కీ తిరుగుతుంది. ఏళ్ల తరబడి అంతే. బకెట్ రుద్దుకునే ఆ భాగం గోడ నున్నగా అద్దంలా ఉంటుంది. దాని అవతల, బకెట్ ఎప్పుడూ చేరని భాగంలో ఏం జరుగుతుంది? బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని లాక్కుంటుంది. ఆ తేమకి అక్కడ గోడ మీద తుప్పు, మడ్డి గరుకుగా పేరుకుంటాయి. నీ ఆయిల్ డికాషన్ రంగులో ఉందన్నావు చూడు, అది ఎన్నేళ్ల తేమో.

ఇప్పుడు ఆయిల్ మార్చేటప్పుడు ఒకతను సీట్లో కూర్చుని పెడల్‌ని నేల దాకా తొక్కుతాడు, ఇంకొకతను చక్రం దగ్గర నిప్పుల్ (గాలి, ఆయిల్ బయటికి వదిలే చిన్న స్క్రూ) విప్పుతాడు. నిప్పుల్ విప్పగానే ఒత్తిడి ఉండదు, పెడల్ ధబీమని నేలకి తగులుతుంది. అంటే బకెట్ తన జీవితంలో ఎప్పుడూ వెళ్లని గరుకు భాగం మీదకి వెళ్లి వచ్చింది. ఒక్కసారి కాదు, ఒక్కో చక్రానికి పది పదిహేను సార్లు. మెత్తటి రబ్బరు అంచు, ఆకురాయి లాంటి గోడ. కొత్త ఆయిల్ తప్పేమీ లేదు. తర్వాత గాలి తీయడానికని ఇంకో రెండుసార్లు అదే పని చేశారు, పుండు మీద గీకినట్టు.

మా గురువు గారు నేర్పింది ఇదే. పాత బండికి గాలి తీస్తుంటే పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టేవాళ్లు, పెడల్ సగం దాటి పోకుండా. లేదంటే నిప్పుల్‌కి గొట్టం పెట్టి ఆయిల్ తనంతట తనే కారేలా వదిలేసి డబ్బాలో పోస్తూ కూర్చునేవాళ్లు. టైమ్ పడుతుంది. షెడ్డులో ఆ టైమ్ ఇవ్వరు.


విశాఖ తీరం, ఆదివారం రాత్రి 9:40

ఇంకోసారి తీయించమని మొదట రాసింది నేనే. గురువు గారూ, ఇది నాకు తెలీదు. మా జెన్‌కి మూడుసార్లు నేల దాకా తొక్కించాను. రేపే తేలిగ్గా నొక్కి నిమిషం చూస్తాను.


శేషాచలం (తిరుపతి), సోమవారం ఉదయం 6:50

ఇప్పుడే మొత్తం చదివాను. ఇదే కోవలో ఇంకొకటి, మా ఊళ్లో తరచుగా చూస్తాం. కొండ దిగేటప్పుడు మాత్రమే పెడల్ మెత్తబడి, కింద అరగంట ఆగితే మళ్లీ మామూలైపోతే అది మాస్టర్ సిలిండర్ కాదు, ఆయిల్ మరగడం. న్యూట్రల్‌లో వేసుకునో, నాలుగో గేరులోనో బ్రేక్ మీదే కాలు పెట్టి దిగుతారు. డిస్కులు ఎర్రగా కాలతాయి, ఆ వేడి కాలిపర్‌లోకి వెళ్లి ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పడతాయి. ఆవిరి కూడా గాలి లాంటిదే, నొక్కితే కుంచించుకుంటుంది.

డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక 140కి పడిపోవచ్చు. డాట్ 4కి అవే 230, 155. తేమ పట్టడం అంటే ఎంతో కాదు, 3.7 శాతం నీళ్లు చేరితే లెక్క అంతే. డబ్బాలో మట్టం నిండుగానే ఉంది కదా అని ఏళ్ల తరబడి వదిలేస్తే లోపల జరిగేది ఇదీ. రెండేళ్లకోసారి మార్చుకుంటే చాలు. కొండ దిగేటప్పుడు రెండో గేరు, అవసరమైతే మొదటిది. బ్రేక్ కాసేపు నొక్కి వదలాలి, అంటించి ఉంచకూడదు.

డాట్ 5 అని సిలికాన్ ఆయిల్ ఒకటుంటుంది, పెద్ద నంబరు కదా అని అది మాత్రం వీటిలో కలపకండి. డాట్ 5.1 వేరు, అది డాట్ 3, 4 జాతిదే.


గోదావరి గట్టు, బుధవారం రాత్రి 9:05

ఇవాళ విప్పించాను. ఈసారి ఇంకో మెకానిక్ గారి దగ్గర. పక్కనే ఉండి చూస్తానంటే స్టూలు వేసి కూర్చోబెట్టారు. బండి ట్రాలీ మీదే తీసుకెళ్లాను.

ముందు డబ్బాలో ఆయిల్ సిరంజితో లాగేశారు. అడుగున నల్లటి మడ్డి, వేలితో తీస్తే వెన్నలా వచ్చింది. రెండు పైపులు విప్పి, నట్లు తీసి సిలిండర్ బయటికి లాగారు. బూస్టర్ వైపు పొడిగా ఉంది. లాక్ తీసి పిస్టన్లు బయటికి తట్టి, మొదటి బకెట్ తీసి నా చేతిలో పెట్టారు. మామూలుగా చూస్తే ఏమీ తెలీలేదు. అంచుని బొటనవేలితో వెనక్కి మడిచి ఎండలో పెట్టి చూడమన్నారు. వెంట్రుకంత సన్నగా, గోరుతో గీసినట్టు నాలుగైదు గీతలు, అన్నీ పొడవునా ఒకే వైపుకి. ఒకచోట అంచు కాస్త చిరిగింది కూడా. చిన్న ఆవగింజంత. దాని మూలానే రెండు నెలలుగా నిద్ర లేదు నాకు.

తర్వాత సిలిండర్ లోపలికి టార్చ్ వేసి చూపించారు. పాతబండి గారు రాసింది రాసినట్టు ఉంది. ముందు భాగం మెరుస్తోంది, లోపలికి వెళ్లే కొద్దీ ఒక గీత గీసినట్టు రంగు మారిపోయి మసక. పుల్లకి గుడ్డ చుట్టి తోస్తే అక్కడ తట్టుకుంటోంది.

కిట్ వేసి బకెట్లు మారిస్తే సరిపోతుందా, అసెంబ్లీ మొత్తం కొత్తది వేయాలా అని ఆయన నన్నే అడిగారు. రేపు ఉదయం చెబుతానన్నాను. మీరేమంటారు?


హైవే 65, బుధవారం రాత్రి 9:20

కిట్ చాలు సార్, సన్న ఎమరీ పేపరుతో లోపల రుద్దితే నున్నగా అవుతుంది. లారీలకి అలాగే చేస్తారు.


పాతబండి, బుధవారం రాత్రి 9:45

వద్దు తమ్ముడూ. గోడ నున్నగా ఉండి రబ్బరు మాత్రమే పోతే కిట్ చాలు, నేను వందల సార్లు వేశాను. ఇక్కడ గుడ్డే తట్టుకుంటోందంటే గోడలో గుంటలు పడ్డాయని. రుద్దితే లోపలి కొలత పెరుగుతుంది, కొత్త బకెట్ వదులవుతుంది, ఆర్నెల్లకి మళ్లీ ఇదే కథ. హైవే బాబు చెప్పినట్టు చేసేవాళ్లున్నారు, కాదనను, కానీ పసిపిల్ల కూర్చునే బండికి నేను చేయను. కొత్త అసెంబ్లీ వేయించు, పెట్టె మీద పార్ట్ నంబరు మీ మోడల్‌దేనా చూసుకో, తెలిసిన షాపులో బిల్లుతో తీసుకో.

కొత్తది బండికి ఎక్కించే ముందే బయట గాలి తీయమను. వైస్‌లో బిగించి, రెండు దారులకీ చిన్న గొట్టాలు పెట్టి, వాటి కొసలు పైన డబ్బాలోనే ఆయిల్‌లో మునిగేలా వంచాలి. స్క్రూ డ్రైవర్ కొసతో పిస్టన్‌ని మెల్లగా కొద్దికొద్దిగా తోస్తూ పోతే బుడగలు డబ్బాలోకి వచ్చేస్తాయి. బుడగలు ఆగేదాకా. పది నిమిషాల పని. ఇది చేయకుండా ఎక్కిస్తే సిలిండర్‌లోనే గాలి ఉండిపోయి, చక్రాల దగ్గర ఎంత తీసినా రాక, మళ్లీ పెడల్ మెత్తగానే ఉంటుంది. అప్పుడు "కొత్తది కూడా పాడే" అని ఇంకోటి కొంటారు.

తర్వాత చక్రాల దగ్గర. నొక్కి పట్టుకో, విప్పు, బిగించు, అప్పుడు వదులు. బిగించకముందే పెడల్ వదిలితే గాలి లోపలికే పీల్చుకుంటుంది. మధ్యలో డబ్బా ఖాళీ అవ్వకూడదు. ఏ చక్రం ముందు అన్నది మీ బండి మాన్యువల్ ప్రకారం చేయించు. బయట పడిన ఆయిల్‌ని వెంటనే నీళ్లతో కడగాలి, లేదంటే పెయింట్ లేస్తుంది.


ఓరుగల్లు, బుధవారం రాత్రి 10:10

కాలిపర్లు విప్పి ఉంటే నిప్పుల్ పై వైపు ఉందో లేదో చూసుకోండి గట్టు గారూ. ఎడమది కుడికి, కుడిది ఎడమకి బిగిస్తే నిప్పుల్ కిందికి వస్తుంది. గాలి పైనే ఉండిపోతుంది, ఆయిల్ కింద నుంచి కారుతూ ఉంటుంది, లీటర్లు పోసినా గాలి రాదు. మా దగ్గర ఒక టాక్సీకి ఇలాగే నాలుగు రోజులు వెతికారు.


గోదావరి గట్టు, శుక్రవారం సాయంత్రం 7:30

కొత్త అసెంబ్లీ వేశారు. బయటే గాలి తీశారు, నేనే గొట్టాలు పట్టుకున్నాను. ఆయన దగ్గర కూడా పెడల్ కింద పెట్టే చెక్క ముక్క ఉంది! అడగకుండానే పెట్టారు. నిప్పుళ్లు పై వైపే ఉన్నాయి.

తేలిగ్గా నొక్కి రెండు నిమిషాలు పట్టుకున్నాను. కదల్లేదు. కానీ పెడల్ ఇంకా చాలా కిందే అందుకుంటోంది, రెండుసార్లు కొడితే పైకి వచ్చి గట్టిగా నిలబడుతోంది. గాలి ఇంకా ఉందంటారా?


పాతబండి, శుక్రవారం సాయంత్రం 7:50

కొట్టాక గట్టిగా నిలబడుతోందంటే గాలి కాదు. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగి అప్పుడు పెడల్ నొక్కి చూడు. పైనే అందితే వెనక షూలు. హ్యాండ్ బ్రేక్ షూలని ముందే డ్రమ్ దాకా తోసేస్తుంది కాబట్టి పెడల్‌కి ఆ పని తప్పుతుంది.


గోదావరి గట్టు, శనివారం మధ్యాహ్నం 1:15

హ్యాండ్ బ్రేక్ లాగితే పెడల్ రెండు వేళ్లు పైన అందింది! పొద్దున్నే వెనక డ్రమ్ములు తీయించాం. షూలని డ్రమ్‌కి దగ్గరగా సర్దే అడ్జస్టర్ ఎడమవైపు తుప్పు పట్టి అసలు తిరగట్లేదు. షూలు మార్చినప్పుడు దాన్ని ముట్టుకోలేదనుకుంటాను. డ్రమ్ లోపల అంచు దగ్గర గట్టులా లేచింది, అది లేత్ మీద తీయించారు, లోపలి కొలత డ్రమ్ మీద రాసిన పరిమితి దాటలేదని కొలిచి చూపించారు. లోపలి దుమ్ము గాలి పైపుతో ఊదకుండా తడి గుడ్డతో తుడిచారు, పాత షూల పొడి పీల్చకూడదట. వీల్ సిలిండర్ రబ్బరు టోపీలు ఎత్తి చూస్తే లోపల పొడిగానే ఉన్నాయి. అడ్జస్టర్ విప్పి శుభ్రం చేసి, రెండు వైపులా చక్రం తిప్పితే సన్నగా రాసుకునే దాకా సర్దారు.

ఇప్పుడు పెడల్ సగం కన్నా పైనే అందుతోంది. ముందు ఖాళీ మైదానంలో నడిచేంత స్పీడులో, తర్వాత 20లో, 40లో ఆపి చూశాం. బండి పక్కకి లాగట్లేదు. నాన్నగారిని కూర్చోబెట్టి నడపమన్నాను. రెండుసార్లు నొక్కి చూసి "ఇదీ దీని బ్రేకు" అన్నారు, అంతే అన్నారు.


విశాఖ తీరం, శనివారం సాయంత్రం 4:40

చాలా సంతోషం అన్నా. మా జెన్‌కి తేలిగ్గా నొక్కి చూశాను, నిమిషానికి ఒక అంగుళం జారింది. సోమవారం మాస్టర్ సిలిండర్ విప్పిస్తున్నాను.


గోదావరి గట్టు, మూడు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 8:20

అప్‌డేట్ ఇస్తానన్నాను కదా. నిన్న మళ్లీ అదే వంతెన దగ్గర, అదే పల్లంలో పావుగంట నిలబడ్డాం. కాలు తేలిగ్గా పెట్టి మనసులో లెక్కపెట్టాను, 200 దాకా. పెడల్ ఎక్కడుందో అక్కడే ఉంది. వెనక అమ్మ పాపకి గోదారి చూపిస్తూ కబుర్లు చెబుతోంది. ఆయిల్ గీత దగ్గరే ఉంది, రంగు కూడా తేనెలా అలాగే ఉంది.


పాతబండి, ఆదివారం రాత్రి 8:45

చాలా మంచి మాట చెప్పావు తమ్ముడూ. పనంతా అయ్యాక నిప్పుళ్లకి రబ్బరు టోపీలు పెట్టారా? లేకపోతే వానాకాలం నీళ్లు చేరి బిగుసుకుపోతాయి, ఈసారి విప్పబోతే విరుగుతాయి.


గోదావరి గట్టు, ఆదివారం రాత్రి 9:00

ఇప్పుడే టార్చ్ వేసి చూసి వచ్చాను. మూడింటికి ఉన్నాయి, వెనక ఎడమవైపు దానికి లేదు. రేపు ఉదయం షాపు తీయగానే తెచ్చి పెడతాను.